పోరంబోకు అని వ్రాసిన నేల చేయు పని

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



గ్రామపు లెక్కలలో పోరంబోకు అను మాట వినని వారుండరు. ఊరిలోని నేలనంతయు సర్వే నంబర్లుగా విభజించి, మెట్ట, మాగాణి, గ్రామకంఠము, పోరంబోకు అని వర్గములు చేసినారు. వానిలో పోరంబోకు అనగా శిస్తు లెక్కకు వెలుపల నుండు నేల. చెరువు, వాగు, డొంక, శ్మశానము, పశువుల మేతబీడు మొదలగునవన్నియు ఆ పద్దు క్రిందికే వచ్చును. ఆ మాటకు అంతకు మించిన అర్థము లేదు. కాని వాడుకలో అది పనికిమాలినది అను అర్థమునకు దిగిపోయినది. ఏ పనియు చేయక తిరుగువానిని సైతము పోరంబోకు అని దూషించుట కలదు. శిస్తు కట్టని నేల పని చేయని నేల యని తలంచుటయే దీనికి మూలము. ఆ నేల యేమి పని చేయుచున్నదో, ఎవరి కొరకు చేయుచున్నదో తెలుపు శాస్త్రమొకటి కలదు. దానిని జీవావరణ శాస్త్రమందురు. అందలి ముఖ్యమైన మాటలను, ఊరి చెరువును ఎదుట నుంచుకొని, వివరించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఈ శాస్త్రమునకు పేరు పెట్టినవాడు జర్మనీ దేశీయుడగు ఎర్న్‌స్ట్ హెకెల్. 1866వ సంవత్సరమున ఆయన గ్రీకు భాషలో ఇల్లు అను అర్థము గల ఓయికోస్ అను పదము నుండి ఎకాలజీ అను పేరును కల్పించెను. ప్రాణులకును అవి నివసించు ఇంటికిని గల సంబంధమును విచారించు శాస్త్రమని దాని భావము. అర్థశాస్త్రమునకు పాశ్చాత్యులు వాడు ఎకనామిక్స్ అను మాటకును మూలమా పదమే. ఒకటి ఇంటి నడవడిని తెలుపును. రెండవది ఇంటి జమాఖర్చులను తెలుపును. రెండింటికిని ఇల్లొక్కటే యగుట గమనింపదగినది.

పేరు క్రొత్తదైనను, తలంపు మన దేశమునకు క్రొత్త కాదు. చరక సంహితయందు భూమి మూడు విధములుగా చెప్పబడినది: జాంగలము, ఆనూపము, సాధారణము. నీరు తక్కువగా నుండి, ముండ్లచెట్లు పెరిగెడి మెట్టనేల జాంగలము. నీరు, చిత్తడి, దట్టమైన చెట్లు గలది ఆనూపము. రెండు లక్షణములును కలిసినది సాధారణము. ఏ నేల యెట్టిదో తెలియకుండ అచ్చటి ఓషధుల గుణము గాని, మనుజుల వ్యాధుల స్వభావము గాని తెలియదని ఆ వైద్యుల మతము. మరియు ఆ గ్రంథమే జంతువులను ఎనిమిది తెగలుగా విభజించినది: ప్రసహములు, భూశయములు, ఆనూపములు, వారిశయములు, వారిచరములు, జాంగలములు, విష్కిరములు, ప్రతుదములు. ఈ పేర్లను కొంచెము విప్పి చూడవలెను. భూశయమనగా బొరియలో పడుకొనునది. వారిశయమనగా నీటిలో పడుకొనునది. ఇవి నివాసమును బట్టి వచ్చిన పేర్లు. ప్రసహమనగా బలిమిని లాగికొని తినునది. విష్కిరమనగా కోడివలె కాళ్లతో చెదరగొట్టి ఏరికొని తినునది. ప్రతుదమనగా ముక్కుతో పొడుచుకొని తినునది. ఇవి బ్రదుకుతెరువును బట్టి వచ్చిన పేర్లు. ఎక్కడ నుండును, ఏమి చేసి బ్రదుకును అను ఈ రెండు ప్రశ్నలే నేటి శాస్త్రమునకును తొలి పాఠములు.

మొదటి ప్రశ్నకు సమాధానము ఆవాసము. ఒక జాతి ప్రాణి పుట్టి, తిని, పిల్లలను పెట్టి, శత్రువుల నుండి దాగుటకు తగిన చోటు దాని ఆవాసము. చెరువనగానే అది యొక్క ఆవాసమని తోచును గాని, అందు పెక్కు ఆవాసములు కలవు. నడిమి లోతునీటిలో వాలుగ, బొచ్చె తిరుగును. అంచున తుంగ, జమ్ము పెరిగిన పలుచని నీటిలో కొర్రమీను తన పిల్లలగుంపును కాచుకొనుచుండును. అడుగు బురదలో నత్తలు, ఆల్చిప్పలు ఉండును. తామరాకు వెనుకభాగమున నత్తగ్రుడ్లు, పురుగుగ్రుడ్లు అంటియుండును. చెరువు కట్టలోని రాళ్ల సందులలో పాములు, ఎండ్రకాయలు కాపురముండును. కట్టమీది చింతచెట్టుపై కొంగలు గూళ్లు కట్టును. ఒక్క సర్వే నంబరులో ఇన్ని ఇండ్లు. నీటిమట్టము రెండడుగులు తగ్గినచో కొన్ని ఇండ్లు మూతపడును. కొన్ని క్రొత్తగా తెరువబడును.

రెండవ ప్రశ్నకు సమాధానము జీవనవృత్తి. ఈ భావమును 1917లో అమెరికా దేశీయుడగు జోసెఫ్ గ్రిన్నెల్, 1927లో ఆంగ్లేయుడగు చార్లెస్ ఎల్టన్ శాస్త్రమున స్థిరపరచిరి. ఆవాసము చిరునామా వంటిది. వృత్తి ఆ చిరునామాలో నుండువాడు చేయు పని. చెరువు అంచున ఒక్క ఉదయము నిలిచి చూచినచో ఇది బోధపడును. గుడ్డికొంగ కదలక నిలిచి దరికి వచ్చిన చేపను, కప్పను పట్టును. నీరుకాకి మునిగి నీటిలోపల తరిమి పట్టును. లకుముకిపిట్ట కొమ్మనుండి బాణమువలె దూకి చిన్నచేపను పొడుచుకొనిపోవును. నత్తగుల్లకొంగ ముక్కు రెండు దవడల నడుమ సందు కలదు. నత్తను చిప్పనుండి ఊడదీయుటకు తగిన పనిముట్టది. నలుగురును ఒక్క నీటి దగ్గరనే యున్నను, ఒకరి పళ్లెములో మరియొకరు చేయి పెట్టుట అరుదు. కావుననే అన్నియు బ్రదుకుచున్నవి.

ఒక వృత్తిగల ప్రాణి నశించినచో ఆ పనికి మరియొకటి వెంటనే దొరకదు. దీనికి మన దేశములోనే ఘోరమైన నిదర్శన మొకటి జరిగినది. ఊరి వెలుపల చచ్చిన గొడ్డును గంటలలో ఎముకలగూడు చేసి విడుచుట రాబందుల పని. 1990 దశకమున ఈ పక్షులు దేశమంతటను రాలిపోసాగెను. వందకు తొంబదియైదింటికి మించి నశించినవి. కారణము 2004లో తేలినది. పశువుల నొప్పులకు వాడు డైక్లోఫెనాక్ అను మందు ఆ కళేబరముల ద్వారా రాబందుల కడుపు చేరి, వాని మూత్రపిండములను చెడగొట్టుచున్నది. 2006లో పశువైద్యమున ఆ మందును మన ప్రభుత్వము నిషేధించెను. జటాయువును పూజ్యునిగా తలంచిన దేశమున ఆ వంశము కనుమరుగగుచుండ, తొలుత గమనించినవారు కొలదిమంది మాత్రమే. ఊరి బయట కళేబరములు కుళ్లుచుండుటయు, వీధికుక్కలు వానిపై మూగుటయు చూచిన పిమ్మట గాని, రాబందు చేయుచుండిన ఊడిగము ఎంతటిదో తెలియలేదు. ఆ ఊడిగమునకు ఎవరును కూలి వ్రాయలేదు. వ్రాయనందున అది విలువలేనిదని తలంచిరి.

ఇక మూడవ మాట. ఒక చోటనుండు ఒక్క జాతి ప్రాణులన్నియు కలిసి జనాభా యగును. అచ్చటనుండు అన్ని జాతుల జనాభాలును కలిసి జీవసముదాయ మగును. ఈ సముదాయమును, దానితోపాటు నీరు, మన్ను, గాలి, ఎండ అను నిర్జీవ పదార్థములను కలిపి ఒక్క వ్యవస్థగా చూడవలెనని 1935లో ఆర్థర్ టాన్స్‌లీ అను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. దానికాయన పెట్టిన పేరు ఎకోసిస్టం. మన పాఠ్యగ్రంథములందు దీనిని ఆవరణ వ్యవస్థ యందురు. చేపలను మాత్రమే లెక్కించినచో చెరువు తెలియదు. నీటిని మాత్రమే కొలిచినచో చెరువు తెలియదు. ఆ రెంటి నడుమ జరుగు ఇచ్చిపుచ్చుకొనుటయే చెరువు.

ఈ ఇచ్చిపుచ్చుకొనుటలో మూడు తరగతులవారు కలరు. ఎండనుండి ఆహారమును తయారుచేయు నాచు, పాచి, తామర, తుంగ మొదలగునవి ఉత్పత్తిదారులు. వానిని తినునవియు, తినువానిని తినునవియు వినియోగదారులు. చచ్చినదానిని, రాలినదానిని కుళ్లజేసి మరల మంటిలోనికి చేర్చు సూక్ష్మజీవులు, బూజులు విచ్ఛిన్నకారులు. నాచును దోమపురుగు తినును. దోమపురుగును పరిగెపిల్ల తినును. పరిగెను కొర్రమీను తినును. కొర్రమీనును డేగ తన్నుకొనిపోవును. ఇది ఆహారశృంఖల. దోమపురుగును తూనీగపిల్లయు తినును, పరిగెను కొంగయు తినును గనుక శృంఖలలు ఒండొంటితో అల్లుకొని ఆహారజాలముగా ఏర్పడును. వలలో ఒక్క పోగు తెగినచో వెంటనే చిల్లు కానరాదు. కాని ఆ చోట బిగువు సడలును.

కప్పల సంగతి దీనికి ఉదాహరణము. మన దేశమునుండి కప్పకాళ్లు కొన్నేండ్లపాటు విదేశములకు విరివిగా ఎగుమతి యయినవి. పొలములోని పురుగులను తినిపెట్టు కప్పలు సంచులకొలది తరలిపోవుచుండ, ఆ పురుగులకే రైతు డబ్బిచ్చి మందు కొనవలసి వచ్చుచున్నదని పలువురు హెచ్చరించిరి. తుదకు 1987లో ఆ ఎగుమతిని ప్రభుత్వము నిషేధించెను. ఎగుమతి వలన వచ్చిన సొమ్ము లెక్కకు ఎక్కినది. కప్ప తినిన పురుగు ఏ లెక్కకును ఎక్కలేదు.

వ్యవస్థలో రెండు విధములైన పద్దులు నడచును. ఒకటి శక్తిది, రెండవది పదార్థములది. శక్తి సూర్యునినుండి వచ్చి, ఒకవైపునకే ప్రవహించి, తుదకు వేడిమిగా వెలుపలికి పోవును, తిరిగి రాదు. దీనిని లెక్కగట్టి చూపినవాడు రేమండ్ లిండెమన్ అను అమెరికా యువకుడు. మిన్నెసోటా రాష్ట్రములోని సీడర్ బాగ్ అను చిన్న సరస్సును ఆయన కొన్నేండ్లు పరిశీలించి, నాచునుండి చేప వరకు శక్తి ఎట్లు చేతులు మారునో తెలిపెను. ఆ వ్యాసము 1942లో ముద్రితమగు నాటికే, ముప్పదియేండ్లు నిండకుండగనే, ఆయన కాలధర్మము నొందెను. ఆ దారిలో తరువాత జరిగిన పరిశోధనల వలన తేలిన స్థూలమైన సూత్రమేమనగా, ఒక మెట్టునుండి పై మెట్టునకు చేరు శక్తి సుమారు పదియవ వంతు మాత్రమే. తక్కినది ప్రాణి ఊపిరికి, నడకకు, వేడికి ఖర్చయిపోవును. లెక్క సులభముగా నుండుటకు చెప్పినచో, 10,000 మణుగుల పచ్చని నాచుమొక్కలపై 1,000 మణుగుల పురుగులు, వానిపై 100 మణుగుల చిన్నచేపలు, వానిపై 10 మణుగుల పెద్దచేపలు మాత్రమే నిలువగలవు. ఊరికి కప్పలు వేలుండి డేగలు రెండే యుండుటకు కారణ మిదియే. పై మెట్టున నున్నవాడు ఘనుడు కాడు. అందరికంటె ఎక్కువ ఋణములో నున్నవాడు.

పదార్థముల పద్దు వేరు. నత్రజని, భాస్వరము, సున్నము మొదలగునవి వచ్చిపోవుచు తిరుగుచుండును. దీనిని పదార్థచక్ర మందురు. దీనికి చక్కని నిదర్శనము సూళ్లూరుపేట చేరువనున్న నేలపట్టు గ్రామపు చెరువు. ఆ చెరువునీటిలో నిలిచి పెరిగిన చెట్లపై గూడబాతులు వందలకొలది గూళ్లు కట్టి పిల్లలను చేయును. 1976లో దానిని పక్షిసంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. ఆ పక్షులు మేతకు పులికాటు సరస్సునకు పోయి, అచ్చటి చేపలను తెచ్చి పిల్లలకు పెట్టును. పక్షుల రెట్ట చెరువునీటిలో కలియును. ఆ నీరు తూము ద్వారా ఆయకట్టు పొలములకు పారి ఎరువుగా పనిచేయును. ఉప్పునీటి సరస్సులోని సారము పక్షి రెక్కలమీద ప్రయాణము చేసి వరిచేనికి చేరుచున్నదన్నమాట. దీనినుండి మరియొక పాఠమును గ్రహింపవలెను. ఆ పక్షికి ఇల్లొకచోట, వంటశాల మరియొకచోట. చెరువును మాత్రము కాపాడి పులికాటును విడిచినను, పులికాటును కాపాడి చెరువుచెట్లను నరికినను, ఆ సంసారము నిలువదు.

వ్యవస్థ హద్దులు సర్వేరాళ్ల హద్దులు కావని మన పూర్వులు ఎరుగుదురు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము దీనికి సాక్షి. విజయనగర రాజకుమారుడగు భాస్కర భవదూరుడు 1369లో ఆ చెరువును పూర్తిచేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు అందు వ్రాయబడినది. మంచి చెరువునకు కావలసిన సాధనములు పండ్రెండనియు, చెరువునకు రాగల దోషములు ఆరనియు ఆ శాసనము చెప్పును. దోషములలో రెండు మిక్కిలి ఆలోచింపదగినవి: విస్తీర్ణ మెక్కువయై నీరు చాలకుండుట, నీ రెక్కువయై స్థలము చాలకుండుట. నీరు వచ్చు దారియు, నీరు నిలుచు చోటును ఒండొంటికి తగియుండవలెనని దీని భావము. వాగును పూడ్చినచో మొదటి దోషము కలుగును. చెరువు అంచును ఆక్రమించినచో రెండవ దోషము కలుగును. ఆరు శతాబ్దములకు పూర్వము రాతిమీద చెక్కిన ఈ మాట నేటికిని కాలము చెల్లినది కాదు.

ఇచ్చట ఆ అంచునేలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. నీరు నిండినప్పుడు మునిగి, వేసవిలో తేలెడి నేల యిది. తెలంగాణమున దీనిని శిఖము భూమి యందురు. రెండు ఆవాసములు కలియు ఇట్టి చోటును శాస్త్రజ్ఞులు సంధిమండల మందురు. అటు నీటిప్రాణులును, ఇటు నేలప్రాణులును, సంధిలోనే యుండు ప్రాణులును కూడుటచే ఇచ్చట జీవజాతులు సాధారణముగా అధికము. తొలకరి నీటికి చేపలు ఎదురీది ఈ పలుచనినీటిలోనికి వచ్చి గ్రుడ్లు పెట్టును. కప్పలకు పురిటిల్లిదియే. వేసవిలో నత్తలు ఈ మంటిలో తలుపు మూసుకొని నిద్రించును. నీరు తీసిన పిమ్మట మొలచిన పచ్చిక పశువులకు మేత. అన్నింటికంటె ముఖ్యము, పెద్దవాన కురిసిననాడు వరదనీరు కాలు చాపుకొనుటకు గల చోటు ఇదియొక్కటే. ఏడాదిలో ఎనిమిది నెలలు ఇది ఖాళీగా నున్నట్లు కానవచ్చును. ఆ ఎనిమిది నెలలలోనే దానిమీద కన్ను పడును. ఒకడు గెనెము వేయును, మరియొకడు కంచె నాటును, మూడవవాడు పునాది తీయును. వర్షకాలమున ఆ నేల తన పనికి తాను వచ్చి చూచుకొనగా, అచ్చట ఇల్లుండును. ఆ యింటివారు నీరు తమ యింటిలోనికి వచ్చినదని వాపోవుదురు.

ఇట్టిదే పెద్ద ప్రమాణమున జరిగిన కథ కొల్లేటిది. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లమున ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులు దానిలో కలియును. నిండిన నీరు ఉప్పుటేరు ద్వారా సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును చేరును. దండి రచించిన దశకుమారచరితమున మంత్రగుప్తుని కథలో ఆంధ్రనగర సమీపమున నొక మహాసరస్సు వర్ణింపబడినది. అది కొల్లేరేయని పెక్కురి అభిప్రాయము. పదుమూడవ శతాబ్దమున కేతన ఆ గ్రంథమును తెనిగించి అభినవదండి యనిపించుకొనెను. అంతటి పూర్వకీర్తి గల జలాశయమది. వరదలనాడు నీటిని తనలో నిలుపుకొని, మెల్లగా ఉప్పుటేటికి విడుచుట దాని మొదటి పని. కిక్కిసగడ్డి, తుంగ, జమ్ములచేత మురికినీటిని వడకట్టుట రెండవ పని. చేపలకు పుట్టినిల్లును, పక్షులకు విడిదియు నగుట మూడవ పని. 1940 దశకమున ఆ ప్రాంతపు ఆరేడు, కోలమూరు గ్రామములలో తాటిచెట్లపై గూడబాతులు విరివిగా గూళ్లు కట్టియుండుటను పక్షిశాస్త్రజ్ఞులు చూచి వ్రాసిరి. 1970 దశకము నాటికి అవి ఆ గూళ్లను విడిచిపోయినవి.

ఆ దశకముననే కొల్లేటిలో చేపలచెరువులు త్రవ్వుట ప్రారంభమైనది. పేద మత్స్యకారులకు జీవనాధారము కల్పింపవలెనను సదుద్దేశముతోనే మొదట సంఘములు ఏర్పడినవి. క్రమముగా పెట్టుబడిదారుల చేతులు చొచ్చినవి. సరస్సు గట్లచే గడులు గడులుగా చీలినది. చేపల మేత, ఎరువులు, పట్టణముల మురుగు, కర్మాగారముల వ్యర్థజలము చేరి నీటిలో పోషకద్రవ్యములు మితిమీరినవి. అట్టి నీటిలో గుర్రపుడెక్క విజృంభించును. దక్షిణ అమెరికానుండి అందమైన పూవు కొరకు తేబడిన మొక్క యది. ఇచ్చట దానిని తిని అదుపుచేయు పురుగు సహజముగా లేదు. కావున హద్దు లేక పెరిగి, నీటికి ఎండ సోకనీయక, కుళ్లి, చేపలకు కావలసిన ప్రాణవాయువును హరించును. తన ఆవాసమున మర్యాదగా నుండు ప్రాణి పరాయి ఆవాసమున దొంగ యగుటకు ఇది ఉదాహరణము. మెట్టప్రాంతపు చెరువులలో సర్కారుతుమ్మ సంగతియు నిట్టిదే. 1877లో కడప ప్రాంతమున వంటచెరకునకని నాటిన ఆ విదేశపు చెట్టు నేడు ఎన్నియో చెరువుల గర్భమును కమ్మివేసినది.

1999లో కొల్లేటిని సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తు రేఖ వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాధాన్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. 2006లో ఆ రేఖకు లోపలి చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించెను. పిమ్మట కొన్ని గట్లు మరల లేచినవి. ఇందు న్యాయమంతయు ఒక్కవైపుననే యున్నదని చెప్పుట సులభము కాదు. అప్పుచేసి చెరువులో వాటా కొనిన చిన్నవాడు గట్టు తెగిననాడు వీధిపాలైనాడు. సరస్సులో వలవేసి బ్రదుకు తరతరాల మత్స్యకారుడు అంతకుముందే, గట్లు లేచిననాడే, వీధిపాలైనాడు. మొదటివాని నష్టము కాగితములమీద నున్నది. రెండవవాని నష్టము ఎచ్చటను వ్రాయబడలేదు. రెండింటికిని కారణ మొక్కటే: సరస్సు చేయుచుండిన పనిని ఖాళీస్థలముగా లెక్కవేయుట. కైకలూరు చెంత ఆటపాకలో నేడు గూడబాతులు అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెలమీద గూళ్లు కట్టుచున్నవి. పక్షులు తిరిగి వచ్చుట సంతోషమే. తాటిచెట్టు చేయు పనిని ఇనుముతో చేయింపవలసి వచ్చుట ఆలోచింపవలసిన సంగతి. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి, విజయవాడ నగరమున పెక్కు పేటలు దినములతరబడి నీట మునిగినవి. అమితమైన వాన దానికి ముఖ్యకారణమే యైనను, వాగు తన దారిలో ఇరుకుపడియుండుట ఆ బాధను హెచ్చించినది. అయిదడుగుల రేఖ యనునది కాగితముమీది గీత కాదు. నీరు తాను కోరెడి చోటు.

ఇంత చెప్పిన పిమ్మట, అంతటి సరస్సునకే దిక్కులేనపుడు ఊరిచెరువునకు ఏమి చేయగలమని నిరాశపడ నక్కరలేదు. శాసనబలము కొంత కలదు. పంజాబు రాష్ట్రములోని ఒక గ్రామపు చెరువు ఆక్రమణను గూర్చిన వ్యాజ్యమున 2011 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, గ్రామ ఉమ్మడి భూములనుండి అక్రమ ఆక్రమణదారులను తొలగించుటకు పథకములు సిద్ధము చేయవలసినదిగా రాష్ట్రములన్నింటిని ఆదేశించెను. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీయించి, ఆ ఒండ్రుమట్టిని పొలములకు తోలించిరి. పదార్థచక్రమును మరల నడిపించిన పని యది. మరియు జీవవైవిధ్య చట్టము 2002లో వచ్చినది. దాని ప్రకారము ప్రతి స్థానికసంస్థయు ఒక కమిటీని ఏర్పరచి, గ్రామస్థుల నడిగి, అచ్చటి మొక్కలు, జంతువులు, విత్తనములు, వానిని గూర్చిన తెలివి అన్నియు ఒక రిజిస్టరులో వ్రాయింపవలెను. దానికి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరని పేరు.

గ్రంథాలయమునకు తగిన పని ఇచ్చటనే కలదు. ఆ రిజిస్టరు ఎక్కడనో మూతపడియుండక, గ్రంథాలయపు బల్లమీద అందరికిని అందుబాటులో నొక ప్రతిగా నుండవలెను. దానితోపాటు ఏటేట వ్రాయు చెరువు దినచర్య పుస్తకమొకటి ఉంచవలెను. అందు వ్రాయవలసిన గడులు కష్టమైనవి కావు. తొలినీరు వచ్చిన తేదీ. అలుగు పారిన తేదీ. కొంగలు గూళ్లు కట్టుట ఆరంభించిన తేదీ, గూళ్ల సంఖ్య. వలకు పడిన చేపల పేర్లు. గుర్రపుడెక్క ఎంతమేర ప్రాకినది. చెరువు హద్దురాళ్లు ఎన్ని నిలిచియున్నవి, ఎన్ని కదలినవి. కడపటి గడి యొకటి ముఖ్యము: పెద్దలు ఎరిగియుండి, నేడు కానరాని ప్రాణి యేది, ఎన్నటినుండి కానరాదు. చేపల పేర్లు పల్లెకారులు చెప్పవలెను. ఆకుల పేర్లు మేకల కాపరులు, మందులు నూరు ముసలమ్మలు చెప్పవలెను. నీటిమట్టముల సంగతి నీరుగంటి యెరుగును. వ్రాత పాఠశాల పిల్లలది. పది సంవత్సరములు తప్పక వ్రాసినచో అట్టి పుస్తకమునకు సాటివచ్చు సాక్ష్యము ఉండదు. ఎవరైన ఈ నేల ఖాళీగా నున్నదని అర్జీ పెట్టుకొనిననాడు, అది ఖాళీగా లేదని చూపుటకు ఆ పుస్తకమే చాలును.

మన పెద్దలు చెప్పిన సప్తసంతానములలో పుత్రుడు, నిధి, ఆలయము, అగ్రహారములతోపాటు తటాకము, వనము, కావ్యము అనునవియు కలవు. చెరువు త్రవ్వించినవానికిని, కావ్యము చేయించినవానికిని ఒక్క పంక్తిలోనే పీట వేసినారు. రెండును తమ తరువాతివారి కొరకు నిలుచునవగుటయే దానికి కారణమై యుండును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము కావ్యములను కాపాడినది. ఇకమీదట తటాకపు లెక్కను గూడ తన బీరువాలో చేర్చుకొనుట దాని ధర్మమునకు వెలితి కాదు. క్రొత్త పుస్తకమునకు కావలసినది నూరు పుటల కాగితము, ఒక కలము, తీరిక గల ఇద్దరు పిల్లలు. వచ్చు తొలకరికి చెరువులోనికి నీరు దిగిననాడు మొదటి పద్దు వ్రాయవచ్చును.